ముందు ఎర్త్ చూడండి!

మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తోలే మా నాయన పాత వ్యానుకు ఇంజన్ మార్పించాడు. ఆనాటి నుంచి సెల్ఫ్ సరిగా తిరగదు, లైట్లు మసక. అప్పు చేసి కుప్పంలో కొత్త బ్యాటరీ వేయించాడు. వారానికే పుంగనూరులో బండి మళ్లీ ఆగింది. అక్కడి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే, ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ వైరే బిగించలేదు! ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరులో కరెంటు పారదు. మూరెడు వైరుతో బండి లేచింది.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య అర వోల్టు దాటితే ఎర్త్‌ను అనుమానించాలి. పరీక్షించకుండా సామాను మార్చడం రిపేరు కాదని నా అభిప్రాయం. ఐటీఐకి వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పానా కంటే ముందు మీటరు పట్టడం నేర్చుకోండి. మీ ఒక్క పరీక్షతో ఒక పేదవాడికి అప్పు తప్పుతుంది.