ఏరు దాటిస్తే పాపం పోతుందా?



మా కర్నూలు, కడప ప్రాంతాలలో నిరాక్షేపంగా చెల్లిపోతున్న ఒక దురాచారాన్ని గురించి ఈ టపా. పదేళ్ళకు పైగా ఇంటి ఎలుకలను పట్టిన పిల్లి ఒకనాడు వంటింటి మూల తడుపుతుంది. మర్నాడు బియ్యపు మూట తడుపుతుంది. మూడోనాడు దానిని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, హంద్రి అవతలనో బుగ్గవంక గట్టుననో విడిచి వస్తారు. "ముసలిదానికి పొగరెక్కింది" అన్నది అభియోగం. విచారణ ఉండదు, శిక్ష మాత్రం అమలవుతుంది.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని మనవాళ్ళ నమ్మిక. అందుచేత చంపరు, వదలిపెడతారు. నలభై డిగ్రీలు దాటే మన ఎండలలో, పళ్ళూడిన పిల్లిని, నీటిచుక్క లేని చోట, పరాయి పిల్లులకూ కుక్కలకూ నడుమ విడవడం చంపడం కాక మరేమిటి? బంగారం ఖర్చు తప్పించుకొనే ఉపాయమే తప్ప ఇందులో పాపభీతి నాకు కనిపించదు.

ఇక ఆ పొగరు సంగతి. మార్జార, మార్జాల శబ్దాలు 'మృజ్' ధాతువు నుండి పుట్టినవి; శుభ్రపరచుకొనేది అని అర్థం. చీపురును సమ్మార్జని అనడంలో ఉన్నదీ ఆ ధాతువే. శుచిత్వాన్ని పేరులోనే ధరించిన ప్రాణి, తన మలమూత్రాలపై తానే మట్టి కప్పే ప్రాణి, ఉన్నట్టుండి అలవాటు తప్పిందంటే కారణం వెదకవలదా? మనమేమో ఆ సమ్మార్జనిని తిరగేసి ఈ మార్జాలాన్నే బాదుతాం.

ముసలి పిల్లులలో మూత్రపిండాల వ్యాధి మిక్కిలి సాధారణం. అది సోకిన పిల్లి నీళ్ళు ఎక్కువ త్రాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, తలుపు తీసేదాకా ఆగలేదు. మధుమేహంలోనూ అంతే. మూత్రాశయం వాచితే చుక్కచుక్కగా పలుచోట్ల పోస్తుంది. నొప్పి పుట్టిన తావును ద్వేషించి వేరొక తావు చూచుకొంటుంది. కీళ్ళ సంగతి సరేసరి. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూడగా 90 పిల్లులలో కీళ్ళ అరుగుదల కనిపించింది. ఒకనాడు మిద్దె మీదికి లంఘించిన పిల్లి నేడు గడప దాటలేక మూల తడిపితే అది పొగరా? కొన్నింటికి మతిమరపూ వస్తుంది. రాత్రులు ఊరకే అరుస్తాయి, అలవాటైన చోటును మరచిపోతాయి.

"కంపు భరించలేము, దేవుని గది ఉన్నది" అంటారు. నిజమే. బండల సందులలో ఇంకిన పిల్లి మూత్రం తేలికగా వదలదు. అందుకని ఫినాయిలు గుమ్మరిస్తారు. ఫినాల్ పిల్లి కాలేయం హరించుకోలేని విషం. తడినేలపై నడిచి పాదాలు నాకితే కడుపులోకే పోతుంది. అమోనియా కలిసిన ద్రావకాల వాసన మూత్రాన్ని పోలి, పిల్లిని మళ్ళీ అక్కడికే పిలుస్తుంది. సబ్బునీళ్ళతో ఒకటికి రెండుసార్లు కడగడం, ఎంజైములు గల ద్రావకం దొరికితే వాడడం మేలు. పారాసిటమాల్ మాత్రం ఎన్నడూ వేయకండి. సగం మాత్ర ప్రాణం తీయగలదు.

చేయవలసినది గొప్ప పనేమీ కాదు. అంచు తక్కువైన తట్టలో మెత్తని ఇసుక పోసి, పిల్లి పడుకొనే చోటికి దగ్గరగా, మెట్లెక్కే పని లేకుండా ఉంచాలి, రోజూ ఎత్తివేయాలి. రెండు మూడు చోట్ల నీళ్ళు పెట్టాలి. పశువైద్యునికి చూపాలి, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉన్నది. మగపిల్లి మూత్రం రాక ముక్కుతూ ఉంటే ఆనాడే తీసుకొనిపోవాలి. ఆలస్యమైతే ఒకటి రెండు రోజులలో ప్రాణం పోతుంది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, తగిన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును విడిచిపెట్టడం నేరం. తొలి తప్పుకు జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయల వరకు! ఏరు దాటించే ఆటో ఖర్చు కంటె తక్కువ. కనుక చట్టం పేరు చెప్పి బెదిరించను.

ఒక్కటే అడుగుతాను. తాతగారు మంచం తడిపితే ఏ గట్టున విడిచి వస్తారు? పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న ధైర్యం మనది. తెగకపోవచ్చు. కాని గోనెసంచి మూతి కడుతుండగా ఇంట్లోని పిల్లలు చూస్తున్నారు. వృద్ధాప్యానికి ఆ ఇంట జరిగే మర్యాద ఏమిటో నేర్చుకొంటున్నారు.

కాదనే మిత్రులుంటే కారణాలతో రండి, వింటాను.