ఆ ఫోటో ఎవరు తియ్యాలి?

కాందిశీకులు అనగానే మన కళ్లముందు మెదిలే ఫోటోలు మూడో నాలుగో ఉంటాయి. పడవ నిండా కిక్కిరిసిన జనం. ముళ్లకంచె వెనక పసివాడు. బియ్యం బస్తా కోసం చాచిన చేతులు. దేశం ఏదైనా ఫోటో మాత్రం అదే. అందులో ఉన్న స్త్రీకి ఒక పేరుందని, ఆమె చెప్పాలనుకున్న మాట ఒకటి ఉందని మనకి తట్టదు. ఎలా తడుతుంది? ఆ ఫోటో తీసింది ఆమె కాదు కదా!

షర్బత్ గులా సంగతే చూడండి. 1984లో పాకిస్తాన్‌లోని ఒక శరణార్థి శిబిరంలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఒకాయన ఆ అఫ్గాన్ పిల్లని ఫోటో తీశాడు. 1985లో అది 'నేషనల్ జియోగ్రాఫిక్' ముఖచిత్రమైంది. ఆ ఆకుపచ్చ కళ్లు ప్రపంచమంతా తెలుసు. ఆమె పేరు మాత్రం 2002 దాకా ఎవరికీ తెలీదు. ముఖచిత్రమైన తన ఫోటోని ఆమె మొదటిసారి చూసుకున్నదీ అప్పుడే. ఎవరో పరాయి మగవాడు తనని ఫోటో తీసినందుకు ఆ రోజు కోపం వచ్చిందని అప్పుడు చెప్పింది. మనమంతా ఆ చూపులో భయముందనీ, దైన్యముందనీ అనుకున్నాం. ఆమె చెప్పింది కోపం!

కథలు రాసేదాన్ని కాబట్టి నాకో విషయం తెలుసు. 'ఆమె ఏడ్చింది' అని రాయడం తేలిక. 'నేను ఎందుకు ఏడ్చానంటే' అని ఆమె చేతే చెప్పించడం కష్టం. చెప్పడం మొదలుపెడితే మనం ఊహించని మాటలు బయటికొస్తాయి. ఫోటోకీ ఇదే వర్తిస్తుంది.

ఈ సంగతి మన జహీరాబాద్ ఆడవాళ్లకి ఎప్పుడో తెలుసు. అక్కడి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు, బడి ముఖం చూడని దళిత స్త్రీలు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. షాట్లకి ఇంగ్లీషు పేర్లు వదిలేసి సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది 'పటేల్ షాట్'. ఎదురెదురుగా, కంటికి కన్ను సమానంగా చూసేది 'సంగం షాట్'. సంఘంలో అందరూ ఒకే నేలమీద కూర్చుంటారు కదా, అందుకని. సాయం చేసేవాళ్లు తీసే ఫోటోల్లో ఎక్కువ భాగం పటేల్ షాట్లే అని నాకనిపిస్తుంది.

సంగం షాట్ వల్ల ఏం ఒరుగుతుందో చైనా చూపించింది. 1990ల మొదట్లో కరొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు యునాన్ రాష్ట్రంలో 62 మంది పల్లె స్త్రీలకి కెమెరాలిచ్చి, మీ బతుకుని మీరే ఫోటో తియ్యండన్నారు. తీశాక అందరూ కూర్చుని, ఇందులో ఏముంది, ఇలా ఎందుకుంది, ఏం చెయ్యొచ్చు అని మాట్లాడుకున్నారు. తల్లి కలుపు తీస్తుంటే పొలంలో ఒంటరిగా పడివున్న పసిబిడ్డ ఫోటో అలా వచ్చిందే. పిల్లల సంరక్షణ గురించి అధికారుల దగ్గర గట్టిగా అడగడానికి అది పనికొచ్చింది. దీన్ని ఇప్పుడు 'ఫోటోవాయిస్' అంటున్నారు. శరణార్థి శిబిరాల్లోనూ వాడుతున్నారు.

శిబిరంలో దీని అవసరం ఇంకా ఎక్కువ. బియ్యం బస్తా ఫోటో ఇచ్చేవాళ్లు తీస్తారు. ఆ బస్తా గుడిసె దాకా ఎవరు మోశారు, చీకట్లో మరుగుదొడ్డికి వెళ్లే దారి ఎలా ఉంటుంది, నీళ్ల కోసం ఎంతసేపు నిలబడాలి... ఇవి ఆ దారిన నడిచే ఆడదానికే తెలుస్తాయి. ఏ రిపోర్టూ ఆమెకంటే బాగా చెప్పలేదు.

2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కి పారిపోయి వచ్చారు. మొదట్లో వాళ్ల ఫోటోలన్నీ బయటివాళ్లు తీసినవే. తర్వాత శిబిరంలోని యువతీ యువకులే ఫోన్లు, కెమెరాలు పట్టారు. సాహత్ జియా హీరో 2022లో 'రోహింగ్యాటోగ్రాఫర్' అనే పత్రిక మొదలుపెట్టాడు. వాళ్ల ఫోటోల్లో అగ్నిప్రమాదాలూ వరదలూ ఉంటాయి, వాటి పక్కనే పిల్లల ఆటలూ రోజువారీ బతుకూ ఉంటాయి. ఆయనకీ, షాహిదా విన్ అనే యువతికీ, మరో ఇద్దరికీ కలిపి 2023లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే నాన్సెన్ అవార్డు ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి దక్కింది.

కానీ అదే 2023లో ఏం జరిగిందో కూడా చూడాలి. నిధుల్లేవని ఆ శిబిరాల్లో తిండి సాయాన్ని మనిషికి నెలకి 12 డాలర్ల నుంచి మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించారు. 8 డాలర్లంటే అప్పటి మన లెక్కలో సుమారు 650 రూపాయలు, రోజుకి 22. ఇల్లు నడిపే ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది, 22 రూపాయలతో మూడు పూటలు గడవవని. 2024 జనవరిలో మళ్లీ 10 చేశారనుకోండి, అయినా ఆ ఏడు నెలలూ తిన్నదెంత?

"ఆకలితో ఉన్నవాళ్లకి కెమెరా ఎందుకమ్మా, అన్నం పెట్టక" అంటారు కొందరు. నిజమే, ఫోటో అన్నం పెట్టదు. కానీ ఆ అన్నం ఎంత పెట్టాలో నిర్ణయించేవాళ్లు శిబిరానికి చాలా దూరంలో ఉంటారు. అక్కడి ఆడవాళ్ల మాట వాళ్ల దాకా చేరాలా వద్దా? అందుకే కెమెరా ఇవ్వడం సగం పనే అంటాను. యునాన్‌లో అధికారుల్ని మొదటినుంచీ ఆ పనిలో కలుపుకున్నారు కాబట్టే ఫోటోకి జవాబొచ్చింది. జవాబు చెప్పేవాళ్లు లేకపోతే అది ఎగ్జిబిషన్‌గా మిగులుతుంది. చూసినవాళ్లు 'అయ్యో' అనుకుని టీ తాగి వెళ్లిపోతారు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ముఖం బయటపడితే వెనక ఊళ్లో మిగిలిన చుట్టాలకి ప్రమాదం రావొచ్చు. ముఖం చూపించడం ఇష్టం లేని స్త్రీలూ ఉంటారు. కాబట్టి ఏ ఫోటో బయటికి వెళ్లాలి, ఏది వెళ్లకూడదు, కింద ఏం రాయాలి అన్నది తీసినవాళ్లూ, ఫోటోలో ఉన్నవాళ్లూ తేల్చాలి. నిన్న సరే అన్నామె ఇవాళ వద్దంటే తీసెయ్యాలి.

ఇదంతా ఎక్కడో దూరపు సంగతి కాదు. మన హైదరాబాద్ బాలాపూర్ వైపు రోహింగ్యా కుటుంబాలు ఏళ్లుగా ఉంటున్నాయి. తుఫాను వస్తే మన కోస్తా ఊళ్లలోనే సహాయ శిబిరాలు వెలుస్తాయి. దుప్పటి ఒకరిది, దాన్ని పట్టుకుని ఫోటోకి నిలబడే చేతులు ఎనిమిది! తీసుకునే ఆమె తల దించుకునే ఉంటుంది.

ఈసారి మీరు చీరలో, డబ్బో ఇచ్చేటప్పుడు ఆ సంస్థ వాళ్లని రెండు ప్రశ్నలడగండి. ఏం కావాలో అక్కడి ఆడవాళ్లని అడిగారా? ఫోటో తీసేముందు అనుమతి అడిగారా? రెండింటికీ జవాబు సరిగ్గా వస్తేనే ఇవ్వండి. రాకపోతే, అడిగి రమ్మని చెప్పండి. ఇచ్చేవాళ్లం అడిగితే వాళ్లూ అడగడం నేర్చుకుంటారు.