తేనీరు వేరు, తేయాకు సారం వేరు

ఉర్దూలో ‘జిగర్’ అంటే కాలేయం. ధైర్యమనీ, గాఢమైన ప్రేమ అనీ కూడ దానికి అర్థాలున్నవి. ప్రాణస్నేహితుణ్ణి ‘జిగ్రీ దోస్త్’ అనడం మనకు విదితమే. యునానీ వైద్యం హృదయం, మెదడులతోపాటు కాలేయాన్ని కూడ ప్రధానాంగంగా పరిగణించింది. అట్టి కాలేయాన్ని విషపదార్థాల నుండి కాపాడే శక్తి పచ్చ తేయాకుకు ఉన్నదనే మాట నేడు విరివిగా వినిపిస్తున్నది. మేము భాషాబోధకులమే గాని వైద్యులం కాము. అయినా ఈ విషయమై కలం పట్టడానికి ఒక కారణమున్నది.

కొంతకాలం క్రిందట మా విద్యార్థి ఒకడు ఒక సీసా పట్టుకొని మా గదికి వచ్చాడు. అందులో పచ్చ తేయాకు సారంతో చేసిన గొట్టపు మాత్రలున్నవి. “సార్, అమ్మీకి కామెర్లు. ఇవి కాలేయానికి మంచివట. వేయమంటారా?” అని అడిగాడు. పరీక్ష రుసుముకై దాచుకొన్న సొమ్ముతో వాటిని కొన్నాడు. తల్లిని మాత్రం వైద్యునికి ఇంకా చూపలేదు. ముందు ఆ పని చేయమని పంపి, తరువాత మేము ఈ విషయాన్ని గూర్చి చదివాము.

పచ్చ తేయాకు, మన ఇరానీ చాయ్‌లోని నల్ల తేయాకు ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకును త్వరగా ఆవిరితోనో, బాణలి వేడితోనో కాస్తే అందులోని కటేచిన్లనే పదార్థాలు మారిపోక నిలిచి ఉంటాయి. అదే పచ్చ తేయాకు. ఈ కటేచిన్ అనే పేరు తాంబూలంలో వాడే కాచు నుండి పుట్టినదే. పచ్చ తేయాకు నుండి కటేచిన్‌ను 1929లో వేరుచేసిన శాస్త్రజ్ఞురాలు జపాను దేశానికి చెందిన మిచియో సుజిమురా. వీటిలో ముఖ్యమైనది ఈ.జి.సి.జి.

కార్బన్ టెట్రాక్లోరైడు అనే ద్రవం దేహంలో ప్రవేశించినప్పుడు, కాలేయకణంలోని ఒక ఎంజైము దానిని చురుకైన విషకణంగా మారుస్తుంది. అది కణపు పొరలోని కొవ్వును పాడుచేస్తుంది. ఒకచోట మొదలైన ఆ నష్టం గొలుసువలె సాగిపోతుంది. కటేచిన్లు ఆ విషకణాలను పట్టి, గొలుసును తెంచగలవు. కణం తనలో తాను కలిగియున్న రక్షణశక్తులను మేల్కొల్పగలవు కూడ. ఎలుకలపై చేసిన ప్రయోగాలలో ఇది కనిపించింది. ఇంతవరకు సత్యమే.

అయితే కథ ఇక్కడితో ముగియదు. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఎలుకలకు పారాసిటమాల్ అధికంగా ఇచ్చారు. తేయాకు సారం ముందుగా ఇచ్చినప్పుడు కాలేయానికి హాని తగ్గింది. పారాసిటమాల్ తరువాత ఇచ్చినప్పుడు అదే సారం హానిని పెంచింది. బరువు తగ్గడానికై విక్రయించిన ఒక తేయాకు సారపు మందును, కాలేయవ్యాధులు బయటపడినందున, 2003లో ఫ్రాన్సు, స్పెయిన్ దేశాలలో అంగడినుండి తొలగించారు. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018లో ఈ విషయాన్ని పరిశీలించింది. కాచిన తేనీటి ద్వారా దినానికి సగటున 90 నుండి 300 మిల్లీగ్రాముల ఈ.జి.సి.జి. మాత్రమే అందుతుందనీ, అది సాధారణంగా నిరపాయకరమనీ తెలిపింది. మాత్రల రూపంలో దినానికి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకొన్నవారిలో కాలేయం దెబ్బతింటున్నదని తెలిపే ఎంజైములు రక్తంలో పెరుగుతున్నాయని హెచ్చరించింది. ఖాళీ కడుపున మ్రింగితే ఆ సారం రక్తంలోకి మరింతగా చేరుతుంది.

“ఆకే కదా, ఏం చేస్తుంది?” అనేవారున్నారు. గన్నేరుది కూడ ఆకే! కొంచెం మేలు చేసినది ఎక్కువైతే మరింత మేలు చేస్తుందనుకోవడం, ఎలుకలో కనిపించినది మనిషికీ వర్తిస్తుందనుకోవడం, ఈ రెండే మన పొరపాట్లు. సీసాలు అమ్మేవారికి ఈ రెండే పెట్టుబడి.

విద్యార్థులారా! పచ్చ తేనీరు ఇష్టమైతే నిరభ్యంతరంగా త్రాగండి. కాని కాలేయానికి నిజమైన రక్షణ హెపటైటిస్ బి టీకా, పరిశుభ్రమైన నీరు, మద్యానికి దూరంగా ఉండడం, పారాసిటమాల్‌ను వైద్యుడు చెప్పిన మోతాదు మించకపోవడం. కండ్లు పచ్చబడితే ముందు వెళ్లవలసినది వైద్యుని వద్దకే.

కళాశాల కార్యవర్గం వారికి ఒక విన్నపం. ఏటా ఒక దినం వైద్యుని రప్పించి, టీకా పొందని విద్యార్థులకు దానిని వేయించే ఏర్పాటు చేయండి. త్రాగునీటి తొట్టిని క్రమం తప్పక శుభ్రపరిపించండి. ఆ విద్యార్థి తల్లికి వచ్చినవి కలుషితమైన నీటివల్ల కలిగిన కామెర్లని పరీక్షలో తేలింది. విశ్రాంతితో, వైద్యుని పర్యవేక్షణలో ఆమె కోలుకొన్నది. సీసా మూత విప్పవలసిన అవసరమే రాలేదు. ఆ కుర్రవాడు పోగొట్టుకొన్నది పరీక్ష రుసుము మాత్రమే. అంతటితో పోయింది గనుక సంతోషిస్తున్నాము.