మొక్కను వంచవచ్చు, విరవరాదు: కరాటే పిల్లల తుంటి వ్యాయామాలు

సాయంత్రమైతే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో తెల్లని దుస్తులు ధరించి కరాటే, తైక్వాండో సాధన చేసే పిల్లలు కనబడతారు. ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సమగ్ర శిక్షా పథకం కింద మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే ఏర్పాటున్నది. ఇది హర్షించదగిన పరిణామం. అయితే కాలు ఎంత ఎత్తుకు లేస్తున్నదన్న దానిపై మనకున్న శ్రద్ధ, ఆ కాలిని మోసే తుంటి ఎంత బలంగా ఉన్నదన్న దానిపై లేదు. ఈ లోపాన్ని శిక్షకులు, తల్లిదండ్రులు కలిసి సరిదిద్దాలన్నదే నా అభిప్రాయం.

కిక్ కొట్టే క్షణంలో శరీర భారమంతా నేలపై నిలిచిన కాలి తుంటిపైనే పడుతుంది. కటి ఒకవైపు ఒరిగిపోకుండ ఆపేవి పిరుదు పక్కభాగపు కండరాలు. అవి బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి వాలుతుంది, నడుము వంకర తిరుగుతుంది. కనుక తుంటి వ్యాయామాలు అవసరమే. ప్రశ్నల్లా వాటి తీవ్రత ఎంత అన్నదే.

పెద్దల తుంటి వేరు, పదమూడేళ్ల పిల్లల తుంటి వేరు. తొడ కండరాలు కటి ఎముకను పట్టుకొని ఉండే చోట్ల కౌమారంలో ఇంకా మృదులాస్థి ఉంటుంది. అది పూర్తిగా ఎముకగా మారేసరికి ఇరవై ఏళ్లు దాటవచ్చు. పెద్దవారిలో కండరం చిట్లే సందర్భంలో, పిల్లల్లో ఎముక ముక్కే ఊడి రావచ్చు. కాలు బలంగా విసిరినప్పుడు ‘టక్’మని శబ్దం వచ్చి బిడ్డ కూలబడితే అది కేవలం బెణుకని అనుకోరాదు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటూ, కాళ్లు బారజాపిన పిల్లల తొడలపై కూర్చొని బలవంతంగా వంచే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. సామెత మంచిదే. కాని మొక్కను వంచడం వేరు, విరవడం వేరు. ఈ పద్ధతిని పూర్తిగా మానుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, వారానికి కనీసం 3 రోజులు కండరాలను, ఎముకలను బలపరచే వ్యాయామం అవసరం. అంటే బలం పెంచే వ్యాయామం పిల్లలకు కూడదన్న భయం సరికాదు. దానికొక క్రమం ఉండాలి, అంతే. వెల్లకిల పడుకొని నడుము పైకెత్తడం, పక్కకు పడుకొని కాలు లేపడం, ఒంటికాలిపై నిలవడం, రబ్బరు పట్టీతో పక్కకు అడుగులు వేయడం ఆరంభానికి చాలును. ఒక్కొక్కటి 10 నుండి 12 సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు చేయించాలి. శ్రమను పదికి కొలిస్తే మొదటి నెల అయిదు దాటరాదు. భంగిమ చక్కబడ్డాక ఆరేడు వరకు పోవచ్చు. ఇంకా రెండుమూడుసార్లు చేయగల శక్తి మిగిలి ఉండగానే ఆపాలి. వారానికొక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి.

ఈ తీవ్రతను నిర్ణయించేది బెల్టు రంగు కాదు, ఎదుగుదల. బాలికలు సుమారు 11–12 ఏళ్లకు, బాలురు 13–14 ఏళ్లకు అత్యంత వేగంగా ఎత్తు పెరుగుతారు. ఆ దశలో ఎముక ముందు సాగుతుంది, కండరం వెనుకబడుతుంది. నెలకొకసారి గోడపై ఎత్తు గుర్తు పెట్టండి. పెరుగుదల హఠాత్తుగా వేగం పుంజుకుంటే దూకుళ్లను, ఎత్తయిన కిక్‌లను సగానికి తగ్గించండి. ఖర్చులేని ఈ పనిని ప్రతి శిక్షణ కేంద్రమూ చేయగలదు.

బెల్టు పరీక్ష దగ్గరపడినపుడు బిడ్డ నొప్పిని దాస్తాడు. మగ్గం మీదనో, బీడీలు చుట్టో సంపాదించిన డబ్బుతో తల్లిదండ్రులు రుసుము కట్టారని వానికి తెలుసు. కనుక అడగవలసిన బాధ్యత మనదే. గజ్జల్లో, తొడలో లేదా మోకాలిలో నొప్పి ఉండి కుంటుతున్నా, మోకాలిని పొట్టవైపు ముడిచినపుడు కాలు బయటికి తిరిగిపోతున్నా నడిపించవద్దు, మర్దన చేయవద్దు. వెంటనే ఎముకల వైద్యునికి చూపించండి. 10 నుండి 16 ఏళ్ల మధ్య తొడ ఎముక తల జారే వ్యాధిలో నొప్పి తరచుగా మోకాలిలోనే కనబడుతుంది. మోకాలి ఎక్స్‌రే బాగుందని సంతృప్తిపడక, రెండు తుంటులకూ తీయించాలి. ఆలస్యమైతే కీలు శాశ్వతంగా చెడిపోవచ్చు. జగిత్యాలలోను సిరిసిల్లలోను ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. దూరం అన్న సాకు కోరుట్ల వారికి కూడ లేదు.

ఒక పరీక్ష తప్పితే ఆరు నెలలకు మరొకటి వస్తుంది. తుంటి కీలు మాత్రం జీవితాంతం అదే.