అర డిగ్రీ తప్పు

సైన్సు విద్యార్థి వడ్రంగం గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. వేసవి సెలవుల్లో ఊళ్ళో అందరూ నవ్వారు గనుక నాకు అలవాటైంది.

పోయిన మా నాయనమ్మ ఫోటోకి చట్రం చేయిద్దామని నాన్న అంటే, "దానికి వడ్రంగెందుకు? ముక్క చివర 45 డిగ్రీలు, నేనే కోస్తా" అన్నాను. కోణమానినితో కొలిచి, పెన్సిలుతో గీసి, గీత మీద రంపం ఆడించాను. మూడు మూలలు ఫరవాలేదు. నాలుగోది నోరు తెరిచింది. అందులో మా చెల్లెలు రెండు అగ్గిపుల్లలు దూర్చి చూపించింది.

లెక్క వేశాను. నాలుగు ముక్కలకి ఎనిమిది కోతలు. ఒక్కో కోత అర డిగ్రీ ఒకే వైపుకి తప్పినా మొత్తం 4 డిగ్రీలు. మూడు మూలలు బిగిస్తే ఆ తప్పంతా నాలుగోదాంట్లో కూర్చుంటుంది. 5 సెంటీమీటర్ల వెడల్పు చెక్కకి సందు దాదాపు 5 మిల్లీమీటర్లు. లెక్క చక్కగా వచ్చింది, చట్రమే రాలేదు.

మా ఊరి వడ్రంగి తాత చూసి, "గీత ఎంత లావుందిరా అబ్బాయ్? రంపం ఎంత చెక్క తింటుందో చూశావా?" అన్నాడు. పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వంచి ఉంటాయి. కోత రంపపు రేకు కన్నా వెడల్పు. అందుకే ఆయన కత్తి మొనతో సన్నగా గీస్తాడు, పైనా పక్కలా కూడా. రంపాన్ని గీత మీద కాదు, పారేసే ముక్క వైపు నడుపుతాడు.

అంతకన్నా ముందు తన మూలమట్టాన్నే పరీక్షించాడు. చెక్క అంచుకి ఆనించి ఒక గీత గీసి, మట్టం తిరగేసి అదే చోట ఇంకో గీత గీశాడు. రెండూ కలిస్తే సరే. విడిపోతే, ఆ ఎడంలో సగం మట్టం తప్పు.

నాకు సిగ్గేసింది. టాంజెంట్ గాల్వనామీటరు ప్రయోగంలో కరెంటు దిశ మార్చి మళ్ళీ రీడింగు తీసుకునేది ఇలాంటి తప్పు కోసమే గదా! నిజం చెప్పాలంటే ఆ రెండో రీడింగులు చాలాసార్లు నేను తీయలేదు. మొదటివాటికి అటో ఇటో ఒక డిగ్రీ కలిపి రాసేశాను. అలా రాయనివారు చేతులెత్తండి! రికార్డు మీద సంతకం పడింది. చట్రానికి అలా సంతకం పెట్టేవారెవరు?

రావలసిన జవాబు ముందే తెలిసి, అది వస్తేనే మార్కులన్నంత కాలం మనం అబద్ధాలే నేర్చుకుంటాం. తప్పు మనది మాత్రమే కాదని లెక్చరర్లకూ మనవి. ఫస్టియర్లో ఒక్క మధ్యాహ్నం చాలు: ఒక బల్ల, నాలుగు రంపాలు. ప్రతివాడూ ఒక చట్రం కోయాలి, కర్ణాలు కొలవాలి, ఎంత తేడా వస్తే అంతా రాయాలి. మార్కులు ఆ నిజానికి. చేతిపని ద్వారా చదువు చెప్పాలని 1937లోనే వార్ధాలో అన్నారు. మనకి చేతిపని అంటే రికార్డుకి అట్ట వేసుకోవడమే. "చదువుకునేవాడికి రంపమెందుకు?" అనే మాట మా ఇంట్లోనూ విన్నాను, నాగలి పట్టిన చేతుల నుంచే.

నా రెండో చట్రం కర్ణాల మధ్య తేడా 2 మిల్లీమీటర్లు. నాయనమ్మ అందులోనే ఉంది. మొదటిది హాస్టలు గదిలో మేకుకి తగిలించాను. చూడదలచినవారు అగ్గిపుల్లలు తెచ్చుకోవచ్చు.