మూడు బైట్ల తెలుగు

జర్మనీలో ఆదివారం వచ్చిందంటే సూపర్ మార్కెట్లు కూడా మూసేస్తారు. శనివారం సాయంత్రంలోపు పాలు, కూరగాయలు తెచ్చుకోకపోతే మర్నాడు ఆవకాయ అన్నమే గతి. అందుకే ఇక్కడి స్టూడెంట్లకి ఆదివారం రెండే పనులు. బట్టలు ఉతుక్కోవడం, లేదంటే రైలెక్కడం. నేను రెండో బ్యాచ్!

ఖర్చు సంగతి అడుగుతారా? వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాల్సింది ఏడాదికి 11,904 యూరోలు. అంటే నెలకి 992. రూమ్ అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పోగా మిగిలేదాన్ని చిల్లరతో సహా లెక్కపెట్టుకోవాల్సిందే. నేను ఉండే డార్ట్‌మండ్‌లో మాకున్న వరం సెమిస్టర్ టికెట్. సెమిస్టర్ ఫీజులోనే కలిసి ఉంటుంది. దాంతో దేశమంతా తిరగొచ్చు, కానీ ఫాస్ట్ ట్రైన్లు ఎక్కనివ్వరు. మన ప్యాసింజర్ బండిలా ఊరూరా ఆగే రైళ్లే దిక్కు. తొందర లేనివాళ్లకి అదే సుఖం. కిటికీ పక్క సీటు, డబ్బాలో పులిహోర, ఒళ్లో ల్యాప్‌టాప్.

అలా ఒక ఆదివారం పాడర్‌బోర్న్ వెళ్లాను. అక్కడ హైంజ్ నిక్స్‌డోర్ఫ్ పేరు మీద పెద్ద కంప్యూటర్ మ్యూజియం ఉంది. ఆయన ఆ ఊళ్లోనే 1925లో పుట్టాడు. 1952లో సొంతంగా కంప్యూటర్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ హెడ్డాఫీసు ఉన్న బిల్డింగే ఇప్పుడు మ్యూజియం. 1996లో తెరిచారు. తమాషా ఏమిటంటే, కంప్యూటర్ మ్యూజియం కంప్యూటర్లతో మొదలవదు. వేల ఏళ్ల కిందటి మట్టి పలకల మీద గీసిన రాతతో మొదలవుతుంది. తర్వాత లెక్కల యంత్రాలు, టైప్‌రైటర్లు, ఆ తర్వాతే కంప్యూటర్లు. మనిషి తన మాటని యంత్రానికి ఎలా అప్పజెప్పాడన్నదే ఆ కథంతా.

టైప్‌రైటర్ల దగ్గర మా నాన్న గుర్తొచ్చారు. నరసరావుపేటలో ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి తెలుగు టైపు లోయర్ పాసయ్యారు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ బీరువాలో ఉంది. అలాంటి మనిషి ఫోన్‌లో మాత్రం తెలుగు టైప్ చేయరు. ‘ఎవడు కొడతాడ్రా అన్ని గుణింతాలు’ అని వాయిస్ మెసేజ్ పెట్టేస్తారు.

నేను చదివేది డేటా సైన్స్ కాబట్టి ఒక చిన్న లెక్క చెప్తాను, వినండి. ఫోన్ లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక్కో బైట్‌లో సరిపోతుంది. తెలుగు అక్షరానికైనా, గుణింతానికైనా, పొల్లుకైనా మూడేసి బైట్లు. ఇంగ్లిష్‌లో ‘తెలుగు’ అని రాస్తే ఆరు అక్షరాలు, ఆరు బైట్లు. అదే తెలుగులో రాస్తే మూడు అక్షరాలు, మూడు గుణింతాలు, కలిపి 18 బైట్లు. ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరమే. దానికీ 18 బైట్లే!

స్టోరేజీకి ఇదేం పెద్ద సమస్య కాదు. ఫోన్‌లో ఒక్క ఫొటో పట్టే చోట నవల పడుతుంది. చిక్కొచ్చేది ఏఐ దగ్గర. చాట్‌బాట్ వాక్యాన్ని మనలా చదవదు, టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుంటుంది. ట్రైనింగ్‌లో ఎక్కువసార్లు చూసిన పదం ఒకే ముక్కగా మిగులుతుంది. తక్కువగా చూసిన భాష కొత్తిమీర తరిగినట్టు అయిపోతుంది. ఈ మోడళ్లతో యాప్‌లు కట్టేవాళ్లకి బిల్లు పడేది ఆ ముక్కల లెక్కనే. అంటే అదే మాటని తెలుగులో అడిగితే ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఆలస్యం.

మరి ఇది మన భాష తలరాతా? కానే కాదు. 2024 మేలో ఓపెన్ ఏఐ జీపీటీ-4ఓ తెచ్చినప్పుడు వాళ్లే ఒక లెక్క చూపించారు. ఒక పలకరింపు పాత పద్ధతిలో తెలుగులో 159 ముక్కలయ్యేది. కొత్త పద్ధతిలో 45. అదే పలకరింపు ఇంగ్లిష్‌లో 27 నుంచి 24కి తగ్గింది. తెలుగు మారలేదు కదా, లిపీ మారలేదు. ఎవరో కూర్చుని ముక్కలు కోసే కత్తిని మార్చారంతే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గత నెల నా థీసిస్ టాపిక్ తేల్చుకోవాల్సి వచ్చింది. నా ముందు రెండు దారులు. ఒకటి, ఫ్యాక్టరీలో కెమెరాతో విడిభాగాల లోపాలు పట్టడం. ఇక్కడి కంపెనీలకి కావాల్సింది అదే, ఉద్యోగానికి దగ్గరి దారి. రెండోది, తెలుగుని తక్కువ ముక్కల్లో చదివించడం. ఇంటి మీద లోను ఉంది. చదువు అయిపోయిన కొన్నాళ్లకే ఈఎంఐ మొదలు. ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట: ‘సెంటిమెంట్‌కి జీతం ఇవ్వరు.’

నాన్నకి ఫోన్ చేశాను. మొత్తం విని, ‘ఉద్యోగం వచ్చేది చూసుకో నాన్నా’ అన్నారు. కాస్త ఆగి, ‘నేను మాట్లాడింది ఫోన్ తప్పులు తప్పులుగా రాస్తోంది, అది కూడా ఇందులోకే వస్తుందా?’ అని అడిగారు. ‘అచ్చంగా ఇదే కాదు గానీ, దీనికి చుట్టమే’ అన్నాను. ఆయన నవ్వారు. ‘అయితే నీ ఇష్టం. లోను సంగతి ఇద్దరం చూసుకుందాం’ అన్నారు.

రెండోదే తీసుకున్నాను. అద్దె కోసం వారానికి 20 గంటలు ఒక కంపెనీలో కోడింగ్ చేస్తున్నాను. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు స్టూడెంట్లని మామూలుగా అంతవరకే పనిచేయనిస్తారు. థీసిస్‌కి ఆరు నెలల గడువు. ఉద్యోగం మాటేంటంటే, ఇంకా తేలలేదు. భయం లేదని చెప్పను. కానీ పొద్దున్నే లేచి ఈ పని ముందు కూర్చోవడానికి అలారం అక్కర్లేకుండా పోయింది.

మీరూ ఒక చెయ్యి వేయొచ్చు. డిగ్రీ అక్కర్లేదు. మెషీన్ నేర్చుకునేది మనం రాసిపెట్టిన దాని నుంచే. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది, ఎవరైనా రాయొచ్చు. మీ ఊరి చెరువు గురించో, గుడి గురించో, మీ బడి గురించో పది వాక్యాలు చక్కటి తెలుగులో చేర్చండి. అక్షరానికి మూడు బైట్లే కదా, పోయేదేముంది!