ఇరవై శాతం తగ్గింపు ఎవరి దయ?

ఆషాఢమాసం రాగానే వస్త్ర దుకాణాల ముందు తగ్గింపు ధరల బోర్డులు వెలియడం మనకు కొత్త కాదు. అక్కడ చీర నచ్చకపోతే వద్దని లేచి రావచ్చు. ఇప్పుడు అదే బోర్డు మందుల దుకాణం ముందుకు వచ్చింది: 'అన్ని మందులపై 20 శాతం తగ్గింపు.' రక్తపోటు మాత్రను వద్దని ఎవరు లేచి రాగలరు? ఏ మందు వాడాలో నిర్ణయించేది వైద్యుడు, ఏ కంపెనీదో తీసి ఇచ్చేది తరచుగా దుకాణదారు, డబ్బు చెల్లించేది మాత్రం రోగి.

ఇరవై శాతం సరే, దేనిలో ఇరవై శాతం? స్ట్రిప్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో. ఆ ధరను ముద్రించేది తయారీదారే. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికే ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. అదీ తయారీ ఖర్చును బట్టి కాదు. మార్కెట్‌లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానిపై చిల్లర వర్తకునికి 16 శాతం కలుపుతారు. జాబితాకు వెలుపలి మందులకు ధర కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదన్నదే హద్దు. ఏటా ఆ పదీ పెంచుకుంటూ పోతే ఎనిమిదేళ్లలో ధర రెట్టింపు దాటుతుంది.

వర్తకుడు 20 రూపాయలకు కొన్న స్ట్రిప్‌పై 100 రూపాయలని ముద్రించి ఉందనుకోండి. దానిని 80కి ఇస్తే మీకు 20 మిగిలినట్లు తోస్తుంది. అతనికి 60 మిగులుతుంది. ఇది నేను ఊహించి చెప్పిన లెక్క. ఊహకు అందని లెక్కలు ప్రభుత్వ నివేదికలలోనే ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ, మందు పూత గల గుండె స్టెంట్ ధరను పన్ను కాక 29,600 రూపాయలకు పరిమితం చేసింది. అంతకు ముందు దానికి లక్ష రూపాయలకు పైగా వసూలు చేసిన సందర్భాలున్నాయి. 2018లో అదే సంస్థ ఢిల్లీ ప్రాంతపు కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించగా, కొన్ని వస్తువులపై లాభం 1,700 శాతం దాటినట్లు తేలింది. దీనికి గరిష్ఠ ధరను ఉల్లంఘించవలసిన అవసరమే రాలేదు. ఆ ధరను అంత ఎత్తున ముద్రించారు.

పోటీ ఉంటే ధరలు తగ్గుతాయి కదా అని మీరనవచ్చు. తన కొద్దిపాటి లాభంలో నుంచే నిజంగా తగ్గించి ఇచ్చే చిన్న దుకాణదారులూ ఉన్నారు; వారిని నేను నిందించను. కాని తక్కువ ధర ముద్రించిన మందులో తగ్గింపు ఇవ్వడానికి చోటుండదు. అందువల్ల అది అల్మారాలో వెనుక వరుసకు పోతుంది. ఎక్కువ ముద్రించి ఎక్కువ తగ్గించగల మందు ముందుకు వస్తుంది. ఇటువంటి పోటీలో గెలిచేది చౌక మందు కాదు.

ఈ నష్టం జేబుతో ఆగదు. నెలాఖరుకు డబ్బు చాలక రోజు విడిచి రోజు మాత్ర వేసుకొని, చివరకు పక్షవాతంతో మంచమెక్కి వచ్చినవారిని ప్రభుత్వాసుపత్రిలో ఎందరినో చూశాను.

కనుక తగ్గింపు ఎంత అని అడగకండి. ఒక్కో మాత్ర ఎంత పడుతుందని అడగండి. స్ట్రిప్‌పై బ్రాండ్ పేరుతో పాటు ఉన్న అసలు మందు పేరు చదవండి. అదే మందు, అదే మోతాదు జనౌషధి కేంద్రంలో ఎంతో కనుక్కొని పోల్చండి. బిల్లు లేకుండా కొనకండి. మూర్ఛ, థైరాయిడ్ మందులను మాత్రం వైద్యుని అడగకుండా మార్చకండి. బిల్లు ఫలానా మొత్తం దాటితే అదనపు తగ్గింపు అన్నారని అక్కరలేని టానిక్కులు కొనకండి.

అంతకు మించినది ప్రభుత్వం చేయాలి. 2019లో 42 క్యాన్సర్ మందులపై వర్తక లాభాన్ని 30 శాతానికి పరిమితం చేశారు. క్యాన్సర్ మందుకు సాధ్యమైన కట్టడి, జీవితాంతం మింగవలసిన మధుమేహ, రక్తపోటు మాత్రలన్నిటికీ ఎందుకు సాధ్యం కాదు? ఓటు అడగడానికి మీ గుమ్మం ఎక్కేవారిని ఈ ప్రశ్న అడగండి.